క్లబ్బు బిళ్ళలకు కాగితాలంటించే జోసెఫ్

ఆత్మకూరు రైతుల క్లబ్బులో, పేకాటలో డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ళలు దాచే చెక్కపెట్టె ఒకటుంది. దాంట్లో పది గూళ్ళు. గూటికి ఇరవై బిళ్ళలు పట్టేటట్టు చేసినవాడు కొలత చూసే చేశాడు. మొన్నటిదాకా పదమూడే పట్టేవి. మిగతావి పాత బిస్కెట్ల డబ్బాలో పడి ఉండేవి. పెట్టె కుంచించుకుపోలేదు. బిళ్ళలే లావెక్కాయి.

బిళ్ళలు లావెక్కడానికి కారణం మర్యాద. అధ్యక్షుడు మారినప్పుడల్లా కొత్తాయన పేరు అచ్చువేసిన గుండ్రటి కాగితం ప్రతి బిళ్ళ మీదా అంటించాలి. అది ఆ క్లబ్బు ఆచారం. పాత కాగితం మాత్రం పీకకూడదు. పీకితే, పక్క కుర్చీలోనే కూర్చుని ముక్కలు సర్దుకుంటున్న పాత అధ్యక్షుణ్ణి అవమానించినట్టు. కప్పేస్తే అవమానం కాదట. అరవై ఏళ్ళలో పదకొండు మంది అధ్యక్షులయ్యారు. ప్రతి బిళ్ళ మీదా ఒకరి నెత్తిన ఒకరు పదకొండు మంది కూర్చున్నారు.

ఆ పదకొండు మందిలో ఎనిమిది మందిని కూర్చోబెట్టింది జోసెఫ్ మామ. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ క్లబ్బుకు అటెండరు ఆయనే. పొద్దున్నే మోటరు వేయడం, హాలు ఊడ్వడం, కుర్చీలు తుడవడం, కాగితాలు అంటించడం ఆయన పని. రెండు వందల బిళ్ళలు ఒక్క పూటలో అంటించేవాడు. ఒక్క కాగితం కూడా వంకర పోయేది కాదు. తన చేతిలో ఎప్పుడూ ఒక్క కాగితం చిరగలేదని ఆయనకు గర్వం. గర్వపడటానికి అంతకంటే పెద్దది ఆ క్లబ్బు ఆయనకు ఇవ్వలేదు.

ఆయనది ఉదయగిరి ఊరి బయటి పాలెం. తల్లి ఆనందమ్మ అక్కడి మిషన్ దవాఖానాలో మందు సీసాలు కడిగేది. ఆ దవాఖానాను అమెరికా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ నడిపేది. జనం ఆమెను దొరసాని అనేవాళ్ళు. కడిగిన సీసాల మీది కాగితాలు చిరక్కుండా ఊడదీసి, ఆరబెట్టి, వెనక వైపు కొత్త మందు పేరు రాసి మళ్ళీ అంటించడం ఆనందమ్మ పని. కొడుకును గోకనిచ్చేది కాదట. "కాయితం వచ్చేదాకా నువ్వు ఆగాల. నీ తొందర చూసి అది రాదు" అనేదట. జోసెఫ్ మామ నేర్చుకున్న మొదటి విద్య అదే. ఐదో తరగతి దాకా బడిలో చెప్పింది రెండోది.

మామకు ఆరేళ్ళప్పుడు దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. దవాఖానా మూతపడింది. సామాన్లు వేలం వేశారు. మంచాలొకరు, బల్లలొకరు కొనుక్కున్నారు. గోడ గడియారం, టేకు బీరువా ఆత్మకూరు చెంచురామయ్య గారు కొన్నారు. ఆ మరుసటి ఏడే ఆయన మరికొందరితో కలిసి క్లబ్బు పెట్టారు. గడియారమూ బీరువా ఇప్పటికీ క్లబ్బు హాల్లోనే ఉన్నాయి. గడియారం ఆగిపోయింది. బీరువా తలుపు నెత్తిన ఏదో చెక్కడం ఉన్నచోట చిత్రిక పట్టి నున్నగా చేశారు. అక్కడ ఏముండేదో ఎవరూ అడగరు.

మామ పెరిగి పెద్దవాడై రంగు సోడాల కంపెనీలో సీసాలకు కాగితాలంటించే పనిలో కొన్నాళ్ళు ఉండి, అది మూసేశాక ఆత్మకూరు వచ్చి క్లబ్బులో చేరాడు. నాకు ఆయన సొంత మామ కాదు. మా పాలెం మనిషి, అంతే. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకు రేడియం స్టిక్కర్ల షాపు ఉంది. బండ్ల నంబర్లు, దేవుళ్ళ బొమ్మలు, 'అమ్మ దీవెన'లు కోసి అంటిస్తాను. క్లబ్బు కాగితాలు అచ్చువేసి గుండ్రంగా కోసిచ్చేదీ నేనే. ఎనిమిదో అధ్యక్షుడి తర్వాత నుంచి ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇక మోటరు సంగతి. మామ పెద్ద కూతురి పెళ్ళి కుదిరినప్పుడు, సాయంత్రం భోజనాలకు క్లబ్బు హాలు ఇమ్మని అడిగాడు. ఊళ్ళో ఎవరికైనా అద్దెకివ్వచ్చని నిబంధనల పుస్తకంలో ఉంది. మా పాలెపోళ్ళకు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. మావాళ్ళెవరైనా అడిగినప్పుడు మాత్రం హాలుకు ఏదో ఒక జబ్బు చేస్తుంది. సున్నం వేస్తుంటారు, లేకపోతే కరెంటు పోతుంది. అప్పటి అధ్యక్షుడు, "మోటరు కాలిపోయింది జోసెఫ్, నీళ్ళు రావు, నీకే ఇబ్బంది" అన్నాడు. ఆ పొద్దున మోటరు వేసి తొట్టి నింపింది జోసెఫ్ మామే. ఆ తొట్టి నీళ్ళతోనే అధ్యక్షుడి కాఫీ గ్లాసు కడిగి చేతికిచ్చి నిలబడి ఉన్నాడు. "అట్నే సార్" అన్నాడు. పెళ్ళి భోజనాలు చర్చి ముందు షామియానా కింద పెట్టారు. సగంలో గాలీ వానా వచ్చింది. ఇస్తరాకులు ఎగిరిపోయాయి. మామ ఒక చేత్తో గుంజ పట్టుకుని, రెండో చేత్తో మజ్జిగ పోశాడు.

అప్పటి నుంచి ఆయనకు ఒకే ఒక కోరిక మిగిలింది. చిన్నకూతురు కరుణశ్రీ పెళ్ళికి తనవాళ్ళంతా ఆ హాల్లో కూర్చుని తినాలి. తను ముప్ఫై ఎనిమిదేళ్ళు తుడిచిన కుర్చీల్లో. పెద్ద కోరికేమీ కాదు. అందుకే అది తీరడం అంత కష్టం.

కరుణశ్రీ అనుమసముద్రంపేట సచివాలయంలో ఉద్యోగి. ఆమెకు హాలు మీద మోజు లేదు. "ఆ హాలు కోసరం ఎవురి కాళ్ళన్నా పట్టుకున్నావంటే నేను పెళ్ళే చేసుకోను నాయనా" అంది. మామ సరేనన్నాడు. మే పన్నెండున ముహూర్తం పెట్టుకున్నారు. హాలు ఊసు ఆపలేదు.

మూడేళ్ళ కింద పోలీసులు వచ్చి క్లబ్బులో ఆట ఆపించారు. ఆట ఆగాక బిళ్ళలకు గౌరవం పెరిగింది. ఆడినన్నాళ్ళూ వాటిని విసిరి కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు 'వారసత్వ సంపద' అనసాగారు. ఇప్పటి అధ్యక్షుడు చంద్రమోహన్, చెంచురామయ్య గారి మనవడు. యాభై ఏళ్ళ మనిషి. ఖాళీగా ఉండి ఫోనులో చూస్తుంటే, ఇట్లాంటి పాత బిళ్ళలు సేకరించేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారని తెలిసింది. వాళ్ళ గుంపులో చేరి ఒక బిళ్ళ ఫొటో పెట్టాడు. బెంగళూరు నుంచి ఒకాయన జవాబిచ్చాడు. బిళ్ళ చాలా పాతది, అమెరికాలో చేసింది, కానీ పైన కాగితం నిన్నటిది, అడుగున మొట్టమొదటి కాగితం ఉంటే అది ఒరిజినల్, అది చూపించండి అని.

అప్పటికి క్లబ్బు వజ్రోత్సవాలు రెండు నెలల్లో ఉన్నాయి. ముందువైపు కొత్త ఆర్చి కట్టారు. ఆర్చి మీద స్థాపకుడి పేరు రాయాలి. ఎవరి పేరన్నది ఇరవై ఏళ్ళ తగాదా. ఆర్చికి ఫ్లెక్సీ కొలతలు తీసుకోవడానికి నేను వెళ్ళిన రోజునే కమిటీ కూర్చుంది. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద మాటలన్నీ వినిపించాయి.

"అడుగు కాయితం మీద మా తాత పేరుంటాది. చెంచురామయ్య, స్థాపకులు అని. దాంతో ఈ తగాదా తీరిపోద్ది" అన్నాడు చంద్రమోహన్.

మాలకొండయ్య నవ్వాడు. ఆయనకు డెబ్బై ఐదేళ్ళు. ఒకప్పుడు అధ్యక్షుడు. చంద్రమోహన్‌కు వరసకు పెదనాన్న, అంతకంటే దగ్గరి శత్రువు. "మీ తాతా? మా నాయన జాగా ఇయ్యకపోయుంటే మీ తాత పెన్నా ఏట్లో ఇసక మీద కూర్చోని ఆడుండేవాడు. ఊడదియ్యండి. అడుగున మా నాయన పేరు లేకపోతే మీసం తీసేస్తా."

"నీకు మీసం ఏడుండాది పెదనాయనా? పోయిన తిరణాలకే గొరిగించినావు గదా."

"మళ్ళా పెంచి తీసేస్తాలేరా!"

నవ్వులయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఊడదీయడం ఆచారం కాదు. పదకొండు మందిలో నలుగురు బతికే ఉన్నారు. ఇద్దరు అక్కడే కూర్చుని ఉన్నారు. అరగంట వాదించి, చివరకు తీర్మానం రాసుకున్నారు. ఈ పని ఊడదీయడం కిందికి రాదు, పరిశోధన కిందికి వస్తుంది అని. నేను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను.

"ఒరే జోసేపూ, చిరక్కుండా తీయగలవా?" అన్నాడు మాలకొండయ్య. అరవై ఏడేళ్ళ మనిషిని ఆయన అట్లాగే పిలుస్తాడు.

మామ కాఫీ గ్లాసులు కింద పెట్టాడు. "తీస్తా సార్. మే పన్నెండో తారీకు మా చిన్నమ్మి పెండ్లి సార్. సాయంత్రం బోజనాలకు హాలు..."

అందరూ ఫ్యాన్ వంక చూశారు. ఫ్యానుకు ఏ జబ్బూ లేదు.

"మా తాత పేరు చిరక్కుండా తెచ్చి చూపించు. హాలు నీదే" అన్నాడు చంద్రమోహన్.

"మా నాయన పేరు తెచ్చి చూపించు. హాలూ నీదే, కరెంటు బిల్లూ నాదే" అన్నాడు మాలకొండయ్య.

బయటికి వచ్చాక మామ నా నిచ్చెన భుజాన వేసుకుని, "ఎవురి పేరొచ్చినా హాలు మనదే అబ్బయా" అన్నాడు. ఆ క్లబ్బులో అంత భద్రమైన పందెం అంతకు ముందెవరూ కాయలేదు.

పని నా షాపులో పెట్టుకున్నాం, మధ్యాహ్నాలు. గిరాకీ లేని వేళ. మొదటి బిళ్ళను నేను తొందరపడి వేడినీళ్ళలో వేశాను. అది అప్పడంలాగా వంగింది. మామ దాన్ని తీసి రెండు చేతుల మధ్య నొక్కి, పాత టెలిఫోన్ డైరెక్టరీ కింద పెట్టాడు. గిన్నెలో నీళ్ళు కాచి, మూతికి గుడ్డ వాసెన కట్టి, కుడుములు ఉడికించినట్టు బిళ్ళలను కాగితం వైపు కిందికి ఉండేటట్టు దాని మీద బోర్లించాడు. చేతిలో సన్నటి చెక్క బద్ద. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర చేయించుకున్నది, అంచు తమలపాకంత పల్చన. బద్దను కాగితం కిందికి తోయడు. అంచు దగ్గర ఆనించి కూర్చుంటాడు. కాగితం తనంతట తాను పైకి లేస్తుంది.

ఒక్కొక్క అధ్యక్షుడూ దిగిపోయాడు. చంద్రమోహన్ కాగితం నేను అచ్చువేసిందే, రంగు రంగులది. దాని కింద ఎమ్మెల్యే టికెట్టు రాని ఒకాయన, చేతులు జోడించిన ఫొటోతో. దాని కింద మాలకొండయ్య. ఆయన అప్పుడు ఆ పక్కనే నా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, తన పేరు లేచిపోతుంటే చూస్తూ.

"పైలంరా జోసేపూ."

"మీరే సార్, నిదానంగా లేస్తా ఉండారు."

ఐదో పొర, ఆరో పొర. అధ్యక్షుల పేర్ల ముందు బిరుదులు తగ్గుతూ పోయాయి. కాగితాలు దళసరి అవుతూ వచ్చాయి. మూడో రోజు పదకొండో కాగితం బయటపడింది. నల్ల అచ్చు, పసుపు పచ్చని కాగితం. 'చెంచురామయ్య, అధ్యక్షులు.'

మామ కాగితం అంచు చుట్టూ చూశాడు. చిరగలేదు. హాలు వచ్చేసింది. నేను ఫోను తీసి చంద్రమోహన్‌కు చేయబోయాను.

"ఆగండిరా!" మాలకొండయ్య స్టూలు మీద నుంచి లేచాడు. బిళ్ళను తీసుకుని, కళ్ళజోడు పైకి లేపి, అంచును కంటికి ఆనించుకుని చూశాడు. "దీని కింద ఇంకొక కాయితం ఉండాది. ఏందిరా, ఆడనే ఆపేసినావు? చెంచురామయ్య మనవడు నీకేమన్నా పెట్టినాడా?"

నిజమే, ఇంకో పొర ఉంది. సన్నటి గోధుమ రంగు గీత. మామకు ముందే తెలుసనుకుంటాను. మాలకొండయ్య అన్నం వేళయిందని లేచి, "మా నాయన పేరు రాంగానే ఫోను చెయ్. వచ్చి కండ్లకద్దుకుంటా" అని చెప్పి వెళ్ళాడు. కళ్ళకద్దుకోవడం ఆ క్లబ్బు అలవాటు. ఆట మొదలుపెట్టేముందు మొదటి బిళ్ళను అందరూ కళ్ళకద్దుకునేవాళ్ళు. చెంచురామయ్య గారు మద్రాసు దొరల క్లబ్బు నుంచి తెప్పించిన బిళ్ళలని వాళ్ళింట్లో చెబుతారు. తన తండ్రి రంగూను నుంచి తెచ్చాడని మాలకొండయ్య చెబుతాడు.

మామ మళ్ళీ బిళ్ళను ఆవిరి మీద పెట్టాడు. చెంచురామయ్య గారు మెల్లగా లేచారు. కింద ఉన్నది అచ్చు కాదు, చేతిరాత. సిరా రంగు మారింది గానీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

'17. పిలిచినప్పుడు రండి.'

నాకేమీ అర్థం కాలేదు. మామ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసి, గిన్నె సంగతే మరిచాడు. గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి మాడు వాసన వచ్చింది. పొయ్యి నేను ఆపాను.

"ఈ అంచు మీద గీతలు చూసినప్పుడల్లా ఏడనో చూసినట్టుండేది. ముప్పై ఎనిమిదేండ్లు" అన్నాడు.

తర్వాత చెప్పాడు. దవాఖానా వరండాలో దొరసాని ఒక్కొక్కరికీ ఒక బిళ్ళ ఇచ్చేది. నంబరు పిలిచేదాకా చేతిలో పట్టుకుని బల్ల మీద కూర్చోవాలి. ఆరేళ్ళ మామ జ్వరంతో ఒణుకుతూ ఒకసారి కూర్చున్నాడు. బిళ్ళ పారేస్తే మందివ్వరని భయపడి నోట్లో పెట్టుకున్నాడట. ఆ నంబరు ఏదో గుర్తులేదు. వాళ్ళమ్మ వచ్చి నోట్లో నుంచి బిళ్ళ తీసి, చెంగుతో తుడిచి దొరసానికిచ్చింది. వాళ్ళ దేశంలో భక్తులు పంపిన గుడ్డల మూటల్లో, ఎవరో తెలిసో తెలియకో ఈ బిళ్ళల పెట్టె కూడా వేశారని ఆనందమ్మ చెప్పేదట. జూదం సామానైనా పారేయడానికి మనసొప్పక, దొరసాని వాటికి కాగితం అంటించి నంబర్లు వేసింది.

మామ ఆ కాగితాన్ని కూడా ఒక్క ఆవిరితో లేపి చూశాడు. కింద బిళ్ళ అసలు బొమ్మ, గుర్రం తల అచ్చు. చూసి, ఆ కాగితాన్ని మళ్ళీ దాని చోట పెట్టేశాడు. దాంతో పాటు ఒలుస్తున్న ఇంకో నాలుగు బిళ్ళలవీ అడుగు దాకా తీశాడు. 4. 52. 31. 108. అన్నిటి కిందా పిలిచినప్పుడు రండి.

దవాఖానా బీరువా కొన్నప్పుడు బిళ్ళల పెట్టె దాని సొరుగులో ఉండిపోయి ఉండాలి. మద్రాసూ లేదు, రంగూనూ లేదు. మా పాలెం జ్వరగాళ్ళ నోట్లో, గుప్పిట్లో నానిన బిళ్ళలను అరవై ఏళ్ళు వీళ్ళు కళ్ళకద్దుకున్నారు.

నాకు ఆ రోజు కలిగినంత సంతోషం ముందెప్పుడూ కలగలేదు. ఫోను తీసి, "ఫొటో తీస్తా మామా. ఊరి గ్రూపులన్నిట్లో పెడతా" అన్నాను.

మామ బిళ్ళను జేబులో వేసుకున్నాడు. "పెడితే ఏమొస్తాది?"

"నిజం బయటికొస్తాది."

"నిజం బయటికొచ్చి ఏడ కూర్చుంటాది? చర్చి ముందర షామియానా కిందనేనా? నాకు హాలు గావాల అబ్బయా."

"వాళ్ళ సిగ్గు మాలినతనం నలుగురికీ తెలియొద్దా?"

"నలుగురికి తెలిస్తే వాళ్ళకింక భయమేముంటాది? ఇద్దురికి తెలిస్తే చాలు."

పుస్తకాల్లో ఇట్లాంటి చోట మనుషులు ఎదురు తిరుగుతారు. నేను చదివినవన్నీ అట్లాంటివే. మామ చదివింది మందు సీసాల మీది కాగితాలు.

మరునాడు పొద్దున క్లబ్బులో చంద్రమోహన్, మాలకొండయ్య ఇద్దరే ఉన్నప్పుడు మామ ఆ ఐదు బిళ్ళలు బల్ల మీద పెట్టాడు. నేను తోడు వెళ్ళాను. వాళ్ళు చదివారు. ఏమిటివి అని చంద్రమోహన్ అడిగాడు. మామ గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పాడు. తను నోట్లో పెట్టుకున్న సంగతి కూడా చెప్పాడు. మాలకొండయ్య చేతిలో ఉన్న బిళ్ళను బల్ల మీద పెట్టి, తనకు తెలియకుండానే తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. చంద్రమోహన్ బీరువా వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు. తర్వాత ఎటూ చూడలేదు.

"ఇది ఇంకెవురికి తెలుసు?" అన్నాడు.

"ఈ స్టిక్కర్ల అబ్బయికే సార్. ఎవురికి చూపించమంటారు?"

ఇరవై ఏళ్ళ తగాదా ఏడు నిమిషాల్లో తీరిపోయింది. గడియారం ఆగిపోయింది కాబట్టి నా ఫోనులో చూశాను. స్థాపకులు ఇద్దరు, చెంచురామయ్య గారూ మాలకొండయ్య గారి తండ్రీ. ఆర్చి మీద రెండు పేర్లూ సమానమైన అక్షరాల్లో. ప్రతి బిళ్ళ మీదా అవే రెండు పేర్లు. పాత కాగితాలన్నీ తీసేయాలి, ముఖ్యంగా అడుగుది.

"అడుగుది రాదు సార్. చింతగింజల జిగురు. గీకితే బిళ్ళ పగిలిపోద్ది" అన్నాడు మామ. ఒక్క ఆవిరికి లేచి వచ్చిన కాగితాన్ని నిన్ననే నేను చూశాను. నోరు మూసుకున్నాను. "కప్పేద్దాం సార్. కప్పడం మన క్లబ్బు మర్యాదే గదా."

"కప్పెయ్, కప్పెయ్" అన్నాడు మాలకొండయ్య. ఆ రోజు ఒరే అనలేదు.

"మే పన్నెండో తారీకు సార్..." అని మామ నసిగాడు.

చంద్రమోహన్ ఫ్యాను వంక చూడబోయి మానుకున్నాడు. "హాలు రాసుకో. మోటరు బాగుండాదా?"

"బాగుండాది సార్. పొద్దున నేనే ఏసినా."

రెండు వందల బిళ్ళలు శుభ్రం చేయడానికి మూడు వారాలు పట్టింది. తీసిన కాగితాలు ఒక సంచిలో వేసి తూచాను. ఆత్మకూరు చరిత్ర ముప్పావు కిలో వచ్చింది. కొత్త కాగితాలు నేనే అచ్చువేశాను. 'వ్యవస్థాపకులు' అని పైన, రెండు పేర్లు కింద, మధ్యలో నాగలి బొమ్మ. అచ్చువేస్తున్నంతసేపూ మామతో మాట్లాడలేదు. ఒక పూట అన్నానికి నిజాన్ని అమ్ముకున్నాడని కోపం. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

అంటించే రోజు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా విషపు మైలుతుత్తం కలపబోతే మామ వద్దన్నాడు. ఇంటి దగ్గర నుంచి డబ్బాలో గంజి తెచ్చుకున్నాడు.

"గంజితో అంటిస్తే ఆరినాక ఊడిపోద్ది గదా మామా."

"ఎన్నాళ్ళు నిలబడాల్నో అన్నాళ్ళు నిలబడద్దిలే."

ముసలాయనకు చాదస్తం వచ్చిందనుకున్నాను.

ఏప్రిల్ ఆఖరులో వజ్రోత్సవాలు జరిగాయి. గూటికి ఇరవై బిళ్ళలు మళ్ళీ పట్టాయి. పెట్టెను గాజు మూత కింద పెట్టి జనానికి చూపించారు. ఇద్దరు స్థాపకుల వారసులు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. కప్పడంలో ఆ క్లబ్బును మించినవాళ్ళు లేరు. బెంగళూరు ఆయనకు కొత్త బిళ్ళ ఫొటో పంపితే, దీనికి ఏ విలువా లేదని జవాబు వచ్చిందట. చంద్రమోహన్ ఆ గుంపులో నుంచి బయటికి వచ్చేశాడు.

పన్నెండో తేదీ పొద్దున చర్చిలో కరుణశ్రీ పెళ్ళి అయింది. మధ్యాహ్నం మామ బిళ్ళల పెట్టె చంకన పెట్టుకుని నా షాపుకు వచ్చాడు. పెళ్ళికి వేసుకున్న తెల్ల చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఒక బిళ్ళ తీసి, బొటనవేలితో అంచు మీద తట్టాడు. గంజి ఎండిపోయిన కాగితం రాలిపోయింది. స్థాపకులిద్దరూ ఒకేసారి నా బల్ల మీద పడ్డారు. కింద '88. పిలిచినప్పుడు రండి.'

"హాల్లో నూరు మందికే కుర్చీలు. జనం నాలుగు నూర్లకు తక్కువ రారు. వరస లేకపోతే తొక్కుకుంటారు" అన్నాడు. ఇద్దరం కలిసి గంటలో రెండు వందలూ రాల్చేశాం. నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఎక్కువ కాగితాలు నేనే రాల్చాను.

ఉదయగిరి నుంచి, వరికుంటపాడు నుంచి, కొండాపురం నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం దిగారు. మామ వాకిట్లో నిలబడి కుటుంబానికి ఒక బిళ్ళ ఇచ్చాడు. నంబర్లు పిలిచే మైకు నా చేతికిచ్చాడు. లోపల ఫ్యాన్ల కింద, తుడిచి తుడిచి నున్నబడిన కుర్చీల్లో మా పాలెపోళ్ళు కూర్చుని బిర్యానీ తింటున్నారు. మోటరు నడుస్తోంది. కరుణశ్రీ వచ్చి తండ్రి చెవిలో, "ఎవురి కాళ్ళు పట్టుకున్నావు నాయనా?" అంది.

"కాళ్ళు గాదమ్మా. కాయితాలు పట్టుకున్నా."

మాలకొండయ్య రాలేదు. కారు స్టార్టు కావడం లేదని కబురు పంపాడు. "మోటరు కాలిపోయినట్టుండాది" అన్నాడు మామ. ఆ సాయంత్రం ఆయన నవ్వడం ఒక్కసారే చూశాను.

చంద్రమోహన్ వచ్చాడు. పట్టుచీర పొట్లం తెచ్చాడు. వచ్చాడు గదా అని నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది. రాకుండా ఉంటే తిట్టుకోవడానికి సుఖంగా ఉండేది. మామ చీర తీసుకుని దండం పెట్టి, బిళ్ళ చేతిలో పెట్టాడు.

"ఏంది జోసెఫ్ ఇది?"

"బోజనానికి వరస సార్. జనం ఎక్కువయినారు. అందురికీ ఇస్తా ఉండా."

చంద్రమోహన్ బిళ్ళ చూశాడు. అరవై ఒకటి. చుట్టూ చూశాడు. వరండా నిండా జనం, గుప్పిట్లో బిళ్ళలు. ఒక పిల్ల బిళ్ళను బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. ఇదేమిటని ఆయన గట్టిగా అడగాలంటే, ముందు అవేమిటో గట్టిగా చెప్పాలి. వెళ్ళిపోవాలంటే కారణం చెప్పాలి. అట్లా నిలబడిపోయాడు. బల్ల మీద కూర్చున్న ఉదయగిరి లిదియమ్మవ్వ కొంచెం జరిగి చోటిచ్చింది.

"కూర్చో నాయనా. నాది యాభై నాలుగు. నీదెంత?"

"అరవై ఒకటి."

"అబ్బో, శానా సేపు పట్టద్ది. మజ్జిగ తాగు."

ఆయన కూర్చున్నాడు. మైకు నా చేతిలో ఉంది. అరవై ఒకటిని ముందే పిలవచ్చు, అసలు పిలవకపోనూవచ్చు. రెండూ నాకు తోచాయి. రెండోదే ఎక్కువసేపు తోచింది. మామ వాకిట్లో నుంచి నన్నే చూస్తున్నాడు. అరవై తర్వాత అరవై ఒకటి పిలిచాను. చంద్రమోహన్ లేచి లోపలికి వెళ్ళి, లిదియమ్మవ్వకు ఎదురు కుర్చీలో కూర్చుని తిన్నాడు. పెరుగన్నం దాకా తిన్నాడు.

మరునాడు పొద్దున బిళ్ళలు తుడిచి ఆరబెట్టి గూళ్ళలో సర్దాం. ఆఖరి గూట్లో పంతొమ్మిదే ఉన్నాయి. నంబర్లు వరసగా పేర్చి చూస్తే, లేనిది అరవై ఒకటి.

"పోయి అడిగొస్తా మామా."

"వద్దులే. ఆయనకు ఒరిజినల్ అంటే శానా ఇష్టం గదా. ఇంట్లో ఉండనీ."

నేను నూట తొంభై తొమ్మిది కాగితాలు మళ్ళీ అచ్చుకు పెట్టాను. మామ పొయ్యి మీద ఈసారి మైదా కలియబెడుతూ, మైలుతుత్తం పొట్లం కూడా ఇటు తెమ్మన్నాడు.